గౌను అంచులో పిచ్చుక కాలు

అనగనగా అమెరికాలో ఒక ఊళ్ళో పాతబట్టల మ్యూజియం ఉండేదే బుజ్జీ. పాతబట్టలంటే మనం స్టీలు గిన్నెలకి వేసేవి కావు. నూటడెబ్భై ఏళ్ళనాటి గౌన్లు, కోట్లు, బొంతలు. వాటిని చూసి అప్పటివాళ్ళు ఎలా బతికారో చెప్పుకుంటారు.

అక్కడ అద్దాల బీరువాలో ఒక పట్టుగౌను ఉండేది. కింద చీటీ మీద ఫలానా దొరసాని గౌను అని రాసుండేది. కుట్టిన మనిషి ఊసే లేదు.

కుట్టింది డెలియా అనే నల్లజాతి ఆవిడ. ఆ రోజుల్లో అక్కడ వాళ్ళని సంతలో పశువుల్లా కొనుక్కునేవాళ్ళు. పాపిష్టి కాలం. చదువుకోనిచ్చేవాళ్ళు కాదు. పేరు రాయడం రాక, డెలియా ఏది కుట్టినా అంచు మడత లోపల నీలం దారంతో పిచ్చుక కాలు వేసేది. మూడు వేళ్ళు, అంతే.

ఆవిడ మునిమనవరాలు ఒడెస్సాకి డెబ్భై ఏళ్ళు. డెలియా పేరు ఏ కాగితంలోనూ లేదు. ఆ పట్టుగౌను కుట్టింది ఆవిడేనని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. దాని దగ్గరైనా ఆ పేరు చూసి కళ్ళు మూయాలని ఒడెస్సా కోరిక.

అప్పుడు మ్యూజియంలో బట్టలు చూసుకునే హెస్టర్ దగ్గరికి వెళ్ళింది. "అంచు ఒక్కసారి తిప్పి చూపించండి," అంది.

"అడిగినవాళ్ళందరికీ తిప్పితే బట్ట చిరుగుతుందండీ. రూలు ఒప్పుకోదు," అంది హెస్టర్.

రెండోసారి ఒడెస్సా తన ఇంట్లో ఉన్న డెలియా బొంత మోసుకెళ్ళింది. దాని మడతలో పిచ్చుక కాలు చూపించింది.

"గౌనులోనూ ఇదే ఉందని ఎలా నమ్మనండీ?" అంది హెస్టర్. తిప్పి చూస్తే తేలిపోయేది. రూలు మనిషి, చూడలేదు.

మూడోసారి ఒడెస్సా వెళ్ళలేకపోయింది. మోకాళ్ళు పట్టేశాయి.

అప్పుడే మ్యూజియంలో ఏదో పెద్ద ప్రదర్శన దగ్గరపడింది. గౌను అంచు చివికి దారాలు వేలాడుతున్నాయి. పైకి నీటుగా కనపడాలని హెస్టర్ మడత కత్తిరించుకుంటూ పోయింది. నీలం దారం కనపడి చెయ్యి ఆగింది. అప్పటికే పిచ్చుక కాలిలో ఒక వేలు తెగింది.

దాచేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆవిడ దాచలేదు. ఒడెస్సా ఇంటికి వెళ్ళింది.

"తప్పు నాదేనండీ. రెండు వేళ్ళే మిగిలాయి. మూడోది మళ్ళీ కుట్టమంటారా?"

ఒడెస్సా చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత, "వద్దండీ. మీరు కుడితే అది మా ముత్తవ్వది కాదు. మిగిలింది కనపడేలా పెట్టండి," అంది.

ఇప్పుడా గౌను అంచు తిరగేసి ఉంటుంది. చీటీ మీద మొదటి వరస, కుట్టినది డెలియా. దొరసాని పేరు దాని కింద. ఒడెస్సా కర్ర పట్టుకుని వెళ్ళి, అది పైకి చదువుకుంది. మళ్ళీ చదువుకుంది.

ఏమే, నీ గౌను ఎందుకు తిరగేస్తున్నావు? కుట్టింది నేనే. రేపు వెలుతుర్లో చూద్దువుగాని.

సూది డబ్బాకి, దారం ఉండకి, కథ కంచికి, మనం నిద్దరకి.