రాళ్లను అరిగించే లేహ్యం

వినండమ్మా, వినండి నాయనలారా! స్వామి మనకిచ్చింది జానెడు పొట్ట. ఒకానొక రాజ్యంలో ఉద్దండ భూపతికి మాత్రం ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆయనగారికి అజీర్తి పట్టుకుంది. ఆస్థాన వైద్యులు నంజుండాచార్యులు నెయ్యి, బెల్లం, శొంఠి కలిపి ఒక లేహ్యం చేసి ఇచ్చారు. “రాళ్లు తిన్నా అరిగిపోతాయి ప్రభూ! రెండు పూటలా భోజనం కాగానే ఉసిరికాయంత పుచ్చుకోండి” అన్నారు.

లేహ్యం మహా రుచిగా ఉంది. కానీ భోజనం అయితేనే కదా తినాలి? అందుకని రాజుగారు లేహ్యం కోసం భోజనం చేయసాగారు. నెల తిరిగేసరికి రోజుకు ఏడు విస్తళ్లు! పొట్ట ఉబ్బి నగారా అయింది.

“మందులో లోపం లేదు, వంటలోనే ఉంది” అని తేల్చేశారు ఆచార్యులు.

రాజుగారు వంటమనిషి సింగమ్మను పిలిపించి, “ఎల్లుండికల్లా రాజ్యం విడిచి పో!” అన్నారు.

ముప్పయ్యేళ్లుగా ఆ పొయ్యే సింగమ్మ లోకం. ‘తమరే ఎక్కువ తింటున్నారు’ అంటే తల పోతుంది. ఊరుకుంటే నీడ పోతుంది. నరసింహస్వామిని తలుచుకుని చేతులు జోడించింది.

“చిత్తం మహాప్రభూ. రేపొక్కరోజు ఆచార్లవారికి తమ పక్కనే విస్తరి వేస్తాను. తమకు వడ్డించిందే, వడ్డించినన్నిసార్లు, అదే లేహ్యంతో. లోపం ఎక్కడుందో ఆయన నోటితోనే చెబితే, నా మూట నేను కట్టుకుంటాను.”

రాజభోజనం! ఆచార్యులు ఉబ్బిపోయి కూర్చున్నారు. మొదటి విస్తరికి “భేష్!” అన్నారు. రెండోదానికి నడికట్టు వదులు చేసుకున్నారు.

“మళ్లీనా సింగమ్మా?”

“ఇది మూడోదే కదండీ ఆచార్లవారూ. ఇంకా నాలుగున్నాయి.”

అయిదోది పరిచేసరికి ఆయనకు కళ్లు తేలిపోయాయి. “ఏడుసార్లు తింటే ఇనప పొట్టయినా పగులుతుంది! లోపం వంటలో లేదు తల్లీ, తిండిలో ఉంది! నేను చెప్పింది రెండు పూటలకే!” అని అరిచి, పక్కనున్నదెవరో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నారు.

సింగమ్మ చెంబెడు వామునీళ్లు తెచ్చి, “నెమ్మదిగా తాగండి బాబూ” అని ఆయన చేతికిచ్చింది.

రాజుగారు ఆచార్యుల పొట్ట చూశారు, తన పొట్ట చూసుకున్నారు. త్రేన్పుతో కలిపి ఒక్కటే నవ్వు! “ఆ మాట నువ్వు అనకుండా ఆయనతో అనిపించావే! నీ పొయ్యి నీదే సింగమ్మా. ఏం కావాలో కోరుకో.”

“రేపు ఏకాదశి ప్రభూ. ఇన్నేళ్లలో ఒక్క ఏకాదశికీ స్వామి దర్శనం దొరకలేదు. పొయ్యి ఆర్పే సెలవిప్పించండి.”

“ప్రతి ఏకాదశికీ ఇచ్చాం!” అంటూ తన పట్టుశాలువా తీసి ఆమెకు కప్పించారు.

మర్నాడు గుళ్లో ప్రదక్షిణలు చేస్తున్న సింగమ్మకు వెనకాల ఆయాసం వినిపించింది. పల్లకీ లేకుండా, ఖాళీ కడుపుతో, సాక్షాత్తూ రాజుగారు!

“సింగమ్మా,” అన్నారు గుసగుసగా, “రేపు పారణకు ఏమిటి?”

“చారన్నం మహాప్రభూ. ఒక్క విస్తరి.”