ఆచార్యులు గారి కొత్త చెవి

అడిగిన ప్రశ్నకు అప్పలాచార్యులు గారు అక్కడికక్కడే జవాబు చెప్పగా విజయనగరంలో ఎవరూ వినలేదు. సంగీతం గురించి అడిగితే పాడి చూపేవారు. మరింకేదైనా అడిగితే విననట్టే ఊరుకుని, నాలుగు రోజులు పోయాక అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో బయలుదేరేవారు. ముసలితనంలో చెవులు నిజంగానే మందగించాక, ఆయన విననట్టు ఊరుకున్నారో వినపడక ఊరుకున్నారో పోల్చుకోవడం శిష్యులకు కష్టమైపోయింది.

ఆ శిష్యుల్లో భానోజీ అందరికంటే పాతవాడు. చిన్నప్పటి నుంచీ ఆయన దగ్గరే పాడుతున్నాడు, ఇప్పుడు తనూ నలుగురికి నేర్పుతున్నాడు. ఒకరోజు పాఠం అయ్యాక గురువుగారి కుడిచెవి దగ్గరకు వంగి అడిగాడు.

"గురువుగారూ, ఇంట్లో ఒక మనిషి ఉన్నాడనుకోండి. ఏ పనికీ అడ్డు రాడు, ఏ పనికీ అక్కరకూ రాడు. అలాంటివాణ్ణి ఏం చెయ్యాలండీ?"

ఆ మనిషి ఎవరో ఆయనకు చెప్పనక్కరలేదు. భానోజీ వాళ్ల అన్నయ్య సింహాద్రి. పెళ్లి చేసుకోలేదు. జూట్‌మిల్లు మూతపడ్డాక తమ్ముడి ఇంటికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ముందుగదిలో మంచం మీద కూర్చుంటాడు. ఎవరేం చెప్పినా "ఊఁ" అంటాడు, ఏమీ చెప్పకపోయినా అప్పుడప్పుడు "ఊఁ" అంటాడు. పాట రాదు. తంబురా మాత్రం మీటుతాడు. ఎవరో ఒకరు మీటాలి గనక గురువుగారే నేర్పారు.

భానోజీ ఈమధ్య ఆ గదిలోంచే ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతున్నాడు. అవతలి పిల్లలకు పాటతో పాటు ఆ "ఊఁ" కూడా వినబడుతోంది, వాళ్లు నవ్వుకుంటున్నారు. ముందుగది ఖాళీ అయితే బాగుండునని అతనికి ఉంది. పర్లాకిమిడిలో ఉన్న చెల్లెలు, పెద్దన్నయ్యను తన దగ్గరికి పంపమని అడుగుతూనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తాననీ, ఔననో కాదనో అప్పుడు తేల్చి చెప్పమనీ అంది. సింహాద్రిని అడిగితే, "నీ ఇష్టంరా తమ్ముడూ. ఎక్కడైనా కూర్చోవడమే గదా" అన్నాడు. అదీ చిరాకే. వెళ్లనని పేచీ పెడితే ఆ కోపంలోనైనా పంపెయ్యవచ్చు.

ఆచార్యులు గారు ప్రశ్న విన్నారో లేదో తెలియలేదు. పంచె కుచ్చిళ్లు సవరించుకుంటూ, "విశాఖపట్నంలో ఏవో కొత్త వస్తువుల ప్రదర్శన పెట్టారట. చెవిలో పెట్టుకునేవి కూడా వచ్చాయట. ఆదివారం తీసుకెళ్తావా?" అన్నారు.

"అలాగేనండి."

"సింహాద్రిని తంబురా పట్టుకుని రమ్మను."

"ప్రదర్శనకు తంబురా ఎందుకండీ?"

"చెవి బేరానికి వెళ్తూ శ్రుతి లేకుండా వెళ్తామట్రా."

ఆదివారం ముగ్గురూ వెళ్లారు. సముద్రం ఒడ్డున వేసిన పెద్ద షెడ్డు గుమ్మం దగ్గర కాపలా మనిషి తంబురాను ఎగాదిగా చూసి, ఏ స్టాలు వాళ్లది అని అడిగాడు. "ఇది కొత్తది కాదు బాబూ" అన్నాడు సింహాద్రి. పాతవాటి మీద అతనికి ఆజ్ఞలేమీ లేవు కాబోలు, వదిలేశాడు.

కొత్త వస్తువంటే ఆచార్యులు గారికి చిన్నపిల్లల సరదా. పాలు నిండుకుంటున్నాయని చెప్పే ఫ్రిజ్జు ముందు చాలాసేపు నిలబడి, "అది చెబుతుంది సరే, తెచ్చేదెవరు?" అని అడిగారు. మొహం చూసి రక్తపోటు చెప్పే అద్దం ముందు, ఎక్కువ చూపిస్తుందేమోనని మొహం కాస్త ప్రసన్నంగా పెట్టారు. చాపలా చుట్టి పెట్టుకునే టీవీని చుట్టించి, విప్పించి, మళ్లీ చుట్టించారు. ఒకచోట నేల ఊడ్చే గుండ్రటి యంత్రం తనంతట తాను తిరుగుతూ సింహాద్రి పాదాల దాకా వచ్చి ఆగింది. అతను మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు. అదీ అటే తిరిగింది. అతను మళ్లీ తప్పుకుని, "వెళ్లు, వెళ్లు" అన్నాడు. భానోజీ వచ్చి అన్న చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగాడు.

చెవి యంత్రాల స్టాలు చివర ఉంది. అక్కడి అమ్మాయి చింతగింజంత వస్తువులు రెండు ఆచార్యులు గారి చెవుల్లో అమర్చి, ఫోన్‌లో ఏదో నొక్కింది. ఆయన కనుబొమలు లేచాయి. చుట్టూ నాలుగు మైకులు అరుస్తున్నాయి, పైన పెద్ద ఫ్యాన్లు రొద పెడుతున్నాయి. ఆ సంతలో ఆ అమ్మాయి గొంతొక్కటే, ఎదుట పళ్లెంలో పెట్టినట్టు ఆయనకు వినబడింది.

"అనవసరమైనవన్నీ తీసేస్తుంది తాతగారూ. కావలసిందే ఉంచుతుంది" అంది ఆ అమ్మాయి.

"అదృష్టవంతురాలివి. మేం ఇన్నేళ్లుగా ఆ పని మీదే ఉన్నాం" అన్నారు ఆచార్యులు గారు. తరవాత శిష్యుడి వైపు తిరిగి, "ఒక మోహన పాడరా, చూద్దాం" అన్నారు.

సింహాద్రి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తంబురా గలేబు విప్పాడు. భానోజీ బిరడాలు సవరించి శ్రుతి చేసి, తంబురాను అన్నకు అప్పగించి, గురువుగారి ఎదుట నిలబడ్డాడు. ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉంది. తంబురా మొదలయ్యాక ఆయన కళ్లు మూసుకుని వింటారు. శ్రుతి చెవికి ఎక్కాక తల ఊపుతారు. అప్పుడే శిష్యుడు గొంతు విప్పాలి. భానోజీ ఏనాడూ దాన్ని దాటలేదు.

సింహాద్రి మీటుతున్నాడు. ఆచార్యులు గారు కళ్లు మూసుకున్నారు. తల ఊపలేదు.

దారిన పోయేవాళ్లు కొందరు ఆగారు. ఒకతను ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. సింహాద్రి వేళ్లు నాలుగు తీగల మీద వరసగా నడుస్తూనే ఉన్నాయి. గురువుగారి తల కదలలేదు. మాట అందినా, ఇంత దగ్గరగా మీటుతున్న శ్రుతి అందడం లేదంటే, ఇక ఏ యంత్రమూ తేలేనంతగా ఆ చెవులు పోయాయన్నమాట అనుకున్నాడు భానోజీ. తన పాట ఆయన మళ్లీ వినరన్నమాట.

ఆచార్యులు గారు కళ్లు తెరిచారు. "సింహాద్రీ, ఇంకా మొదలుపెట్టవేం నాయనా?"

"మొదలెట్టి చాలాసేపైందండి. మీటుతానే ఉన్నాను."

ఆయన ఆ వేళ్లను చూశారు. కుర్చీ ముందుకు జరుపుకుని తంబురా కాయ మీద అరచెయ్యి ఆనించారు. చేతికి తెలుస్తోంది, చెవికి తెలియడం లేదు.

"నా మాట వినబడుతోందా అండీ?" అన్నాడు భానోజీ, గొంతు బాగా తగ్గించి.

"నిక్షేపంగా. నీ గొంతు వణుకు కూడా వినబడుతోంది."

స్టాలు అమ్మాయి ఫోన్ చూసి నాలుక కరుచుకుంది. "సారీ తాతగారూ. మీ చెవుల తప్పేం లేదు. మారకుండా ఒకేలా వస్తూ ఉండే చప్పుడు ఏదైనా సరే, ఇది ఫ్యానో ఏసీయో అనుకుంటుంది. మొదట కాస్త విని, తరవాత లేనట్టే తీసి పారేస్తుంది."

ఆచార్యులు గారు భుజాలు కదిలేలా నవ్వారు. సింహాద్రి కూడా "ఊఁ" అన్నాడు. ఆపమని ఎవరూ అనలేదు గనక మీటుతూనే ఉన్నాడు. మెడ మీద చెమట పట్టింది, తుడుచుకుంటే తీగ తప్పుతుందని తుడుచుకోలేదు. భానోజీ తన అన్న మెడ వంకే చూస్తూ ఉండిపోయాడు. తన కచేరీల వీడియోలన్నిట్లోనూ ఈ మనిషి వెనక కూర్చునే ఉంటాడు. ఒక్కదాంట్లో కూడా ఇతని మొహం చూసిన గుర్తు లేదు.

జేబులో ఫోన్ మోగింది. చెల్లెలు. భానోజీ రెండడుగులు పక్కకు వెళ్లాడు.

"పెద్దన్నయ్య రావడం లేదమ్మా."

"అదేం చిన్నన్నయ్యా? రానన్నాడా?"

"తనేమీ అనలేదు. నేనే అంటున్నాను."

"పిల్లలు నవ్వుతున్నారన్నావు, గది కావాలన్నావు?"

"అన్నాను. ఇంటికెళ్లాక మాట్లాడతాలే. ఇక్కడ గురువుగారు కాచుకుని ఉన్నారు."

తిరిగి వచ్చి, రుమాలుతో అన్న మెడ తుడిచాడు. సింహాద్రి వింతగా తలెత్తి చూశాడు గాని వేళ్లు ఆపలేదు. ఆచార్యులు గారు అది చూశారో లేదో తెలియనివ్వలేదు. అప్పటికే స్టాలు అమ్మాయితో మాట్లాడుతున్నారు.

"ఆ తీసేసే గుణాన్ని మానిపించగలవా అమ్మా?"

"మానిపించొచ్చు తాతగారూ. కానీ అప్పుడు తంబురా ఒక్కటే రాదు. ఫ్యాన్లు, మైకులు, ఈ గోలంతా దాంతో పాటే వస్తుంది. విసుగొస్తుంది మీకు."

ఆచార్యులు గారు కుర్చీలో సర్దుకుని కూర్చుని, కళ్లు మూసుకున్నారు.

"రానివ్వమ్మా" అన్నారు. "ఆ మాత్రం విసుక్కోకుండా ఎవరు విన్నారు గనక."