సన్నెమ్మ మూడు నలుపులు

అనగా అనగా, కొండలకి ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, ఓ కొండవాలు ఊళ్ళో సన్నెమ్మ ఉండేది. ఊరందరి గోడలకీ సున్నం వేసి, వాళ్ళు పోసిన గంజి తాగి బతికేది.

ఆమెకి ఒక్కడే కొడుకు, గురువులు. కట్టెలకి కొండెక్కి, పొద్దుగూకాక దారి తప్పాడు. మూడోనాడు వాగులో తేలాడు.

ఆనాటినుంచి సన్నెమ్మ రాత్రుళ్ళు గుమ్మంలో కూచుని కొండకేసి చూసేది. ఈ చీకట్లో నా బిడ్డకి ఏం కనపడిందో అని చూసేది. చూడగా చూడగా తెలిసింది. కొండ నలుపు వేరు. ఆకాశం నలుపు వేరు. వాగు నలుపు వేరు.

"అయ్యో, ఈ మాట వాడికి చెప్పలేదే!"

మర్నాడు ఈతమట్ట చితక్కొట్టి కుంచె చేసింది. చూరు కింద తన గోడకి మసి పూసింది.

ఊరిపెద్ద నాయుడు నవ్వాడు. "ఏటే సన్నెమ్మా, ఊరికి సున్నం, నీ ఇంటికి మసా?"

"ఇంకో పూత ఉంది బాబూ."

మసి పైన, ఆకాశం మేరకి, నీలిమందు పూసింది.

"రాత్రంటే నలుపే గదే! ఇన్ని రంగులేటి?" అన్నారు ఆడవాళ్ళు.

"ఇంకో పూత ఉందమ్మా."

బూడిద కలిపిన సున్నంతో వాగు మెలికలు లాగింది. కుంచె పోయిన చోటల్లా గీతలు దళసరిగా తేలాయి.

"నున్నగా తుడవ్వే, చూళ్ళేకపోతున్నాం," అన్నాడు నాయుడు.

"తుడిస్తే పిల్లల వేళ్ళకి తగలదు బాబూ."

ఊరి పిల్లల వేళ్ళు పట్టుకుని ఆ గీతల వెంట నడిపించేది. "ఇది మసి, కొండ. ఇది నీలం, ఆకాశం. ఇది బూడిద, వాగు. బూడిదలో అడుగెయ్యకండమ్మా."

ఆ ఏటి వానల్లోనే సన్నెమ్మ పోయింది. దసరాకి ఆ గోడ కూడా తెల్లగా చెయ్యమన్నాడు నాయుడు. కుండలో సున్నం నానింది.

ఆ సాయంత్రమే నాయుడి మనవరాలు పైడితల్లి మరో ఇద్దరు పిల్లలతో కొండమీద చిక్కుపడిపోయింది. వెతకబోయినవాళ్ళ కాగడాలు వానకి ఆరిపోయాయి. ఊరంతా గుమ్మాల్లో నిలబడి ఏడ్చింది.

వాన వెలిసింది. కోడి కూయకముందే పిల్లలు ముగ్గురూ నడిచొచ్చారు.

"ఎలా వచ్చావే తల్లీ?"

"సన్నెమ్మ మామ్మ చెప్పింది గదా తాతా! మసిని ఆనుకుని, బూడిదని తప్పించుకుని, నీలం కనపడ్డ సందులోంచి వచ్చాం."

నాయుడు సున్నం కుండ తన చేత్తోనే బోర్లించాడు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో దసరాకి అన్ని గోడలకీ సున్నం వేస్తారు, ఆ ఒక్కదానికి తప్ప. దానిమీద ఇంటికో గీత గీస్తారు. తుడవరు. కొండకెళ్ళే పిల్లల వేలు ఆ గోడకి ఆనించి తల్లి అడుగుతుంది:

"నలుపులెన్ని?"

"మూడు" అంటేనే వదులుతుంది.