దాలికి కావలి

"గురువుగారూ, పొగను బట్టి నిప్పున్నదని తేలిన తరువాత కూడా ఊరకుండడం ధర్మమేనా?"

సోమయాజులుగారి వద్ద తర్కం చదువుకొంటున్న సదాశివం ఒక ఉదయం అడిగిన ప్రశ్న ఇది. కొండమీది పొగను చూచి అక్కడి నిప్పును ఊహించే పాఠమే ఆనాడు నడుస్తున్నది. అయినా ఆ ప్రశ్న పుస్తకంలోనిది కాదని గురువుగారికి తెలుసు. సదాశివం తండ్రి విశ్వపతిగారి నెత్తురులో ఒక సూచిక హెచ్చుగా కనబడింది. ప్రోస్టేట్ గ్రంథి నుండి ముక్క తీసి చూడగా చిన్న క్యాన్సర్ బయటపడింది. వైద్యులు దాని జన్యువులను సైతం పరీక్షింపజేసి, "ఇది మెల్లగా నడిచే జాతి. ఇప్పుడు కోస్తే ఆ కోత మిగిల్చే బాధలే ఎక్కువ. క్రమం తప్పక పరీక్షలకు రండి, తీరు మారితే అప్పుడు చూద్దాం" అన్నారు. తండ్రి నిశ్చింతగా ఇంటికి వచ్చాడు. కొడుకు మాత్రం మరొక ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు ఏర్పాటు చేశాడు. మర్నాడే ప్రయాణం.

"మీ నాన్న ఏమంటున్నాడు?"

"'నేను నీ తర్కంలోని కొండను కానురా, మనిషిని' అని నవ్వుతున్నారు."

గురువుగారు కూడా నవ్వి లేచారు. "నేను స్నానం చేసి వస్తాను. దాలిలో పాలున్నాయి, కాస్త చూస్తూ ఉండు" అని, నీళ్ల చెంబు అతని పక్కన పెట్టి వెళ్లారు. దాలి అంటే పెరట్లో పిడకల నిప్పును బూడిదతో కప్పి, పొద్దంతా పాలు కాచే గుంట. ఆ ఇంట్లో పొయ్యిమీద పాలు పొంగించే ఆచారం లేదు.

ఇంతలో గాలి విసరింది. బూడిద పొర కొంచెం తొలగి, సన్నని పొగ లేచి, లోపల ఒక రవ్వ ఎర్రగా కన్ను విప్పింది. అవతల గడ్డివాము. సదాశివం చెంబెడు నీళ్లూ కుమ్మరించాడు. బూడిద ఒక్కసారిగా పైకెగసింది. కాగిన కుండ పగిలి, ఎర్రగా కాగుతున్న పాలన్నీ మట్టిలో ఇంకిపోయాయి.

చప్పుడు విని వచ్చిన గురుపత్ని, "అయ్యో నాయనా! మీ నాన్నగారికి మీగడపెరుగు ఇష్టమని, తోడుపెట్టి పంపుదామనుకున్నాను" అన్నది.

తడితలతో వచ్చిన గురువుగారి ముందు సదాశివం తల ఎత్తలేకపోయాడు. "రవ్వ కనబడింది గురువుగారూ. చూస్తూ కూర్చోలేకపోయాను."

ఆయన తన ఉత్తరీయం చెంగుతో శిష్యుని ముఖంమీది బూడిద తుడిచారు.

"నిప్పున్నదని నాకూ తెలుసు నాయనా. అందుకే చెంబు నీ దగ్గర పెట్టి, నిన్ను దాని దగ్గర కూర్చోబెట్టాను. ఇక ఇంటికి వెళ్లు. మీ నాన్న దగ్గర కూర్చో."