పందిరి మింగిన ద్రాక్ష మాత్రలు

మేడ్చల్ వైపు ద్రాక్షతోట ఉన్న బక్కయ్య ఇంట్లో ఉండేది ముగ్గురే. తెలివి మాత్రం ముప్పై మందికి సరిపడా ఉందని వాళ్ళ నమ్మకం. వానొస్తే గొడుగు తడుస్తుందని చంకలో దాచుకుని నడిచే రకం. "మాకు ఎవరు ఏం జెప్పినా పొల్లుపోకుండ చేస్తం" అని బక్కయ్య భార్య ఎల్లవ్వకు మహా గర్వం.

ఆ ఏడు తోట విరగకాసింది. శుక్రవారం అరవై బుట్టలు ఇస్తామని జహంగీర్ సేటుకు మాటిచ్చారు. ఆ పళ్ళు లారీ ఎక్కితేనే ఏడాదంతా ఇంట్లో పొయ్యి వెలిగేది. సరిగ్గా అప్పుడే బక్కయ్యకు నాలుగడుగులేస్తే ఆయాసం మొదలైంది. ఎల్లవ్వ మరిది బుచ్చిరాములును వెంటబెట్టుకుని మొగుణ్ణి మందుల షాపుకు తీసుకెళ్ళింది.

షాపాయన అరవై మాత్రల డబ్బా ఒకటి ఇచ్చాడు. "ద్రాక్ష గింజల సారంతో చేసిన మాత్రలమ్మా. ఇనుముకు పట్టినట్టే మన ఒంటికీ తుప్పు పడుతుందట, అది పట్టకుండా వేసుకుంటారు. అన్నం తిన్నాకే వేయాలి. ఎండ తగలనివ్వకండి. ఆయాసానికి మాత్రం డాక్టరుకు చూపించండి" అన్నాడు.

"ఇన్నేండ్లు గింజలనుకుంట మందును ఊసి పారేసినం గదనే" అని బక్కయ్య నొచ్చుకున్నాడు.

అంతే, బయల్దేరారు. ఆస్పత్రి కిటికీ ముందు బక్కయ్యను నిలబెట్టారు. లోపల డాక్టరు తలెత్తి చూశాడు. "చూసిండు, పద" అంది ఎల్లవ్వ. ఎండ మాడిపోతోంది. డబ్బాకు గొడుగు పట్టి, పైన తడి తువ్వాల కప్పి నడిచారు. బక్కయ్య వెనకాల రొప్పుకుంటూ వచ్చాడు.

ఇంటికొచ్చాక బుచ్చిరాములుకు తెలివి పొంగింది. "వదినా, అన్న ఒంట్ల తుప్పు మనకు కనబడుతలేదు. పందిరి ఇనుప తీగలకైతే కండ్లముంగటనే ఉంది. పందిరి కూలితే పండ్లన్నీ మట్టిపాలే. ముందు దానికేద్దాం."

"అవు, నిజమే. కానీ అన్నం తిన్నంకనే ఎయ్యాలన్నడు గద. తీగలు పొద్దటిసంది ఏం తినలేదాయె."

ఇంకేముంది! ఎల్లవ్వ పెద్ద గిన్నెడు అన్నం వండి, మెత్తగా పిసికి, తీగతీగకూ ముద్దలు పెట్టింది. "వట్టన్నం ఎట్ల తింటయే?" అని మంచం మీంచి బక్కయ్య అడిగితే పప్పు కూడా కలిపింది. ఆ పైన అరవై మాత్రలూ నూరి ఆ పొడి పులిమారు. బక్కయ్యకు ఒక్కటీ మిగల్లేదు.

పప్పన్నం కబురు పిట్టలకు తెలియడానికి ఎంతసేపు? మందలు మందలుగా దిగాయి. ఎల్లవ్వ తోలబోతే బుచ్చిరాములు చెయ్యి పట్టుకుని ఆపాడు. "అన్నం ముందు కూసున్నోళ్ళను లేపుతే పాపం వదినా. తిని పోనీ." అవి అన్నం తిన్నాయి. అన్నం మీదికి పళ్ళు కూడా తిన్నాయి. రెండు రోజులు ఉండి మరీ తిన్నాయి.

శుక్రవారం సేటు లారీతో దిగాడు. పందిరికి తొడిమలు తప్ప ఏమీ లేవు. ఎల్లవ్వ కూలబడి ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది. కోపం రావాల్సిన సేటుకు నవ్వొచ్చింది. ఖాళీ డబ్బా తిప్పి చూశాడు.

"ఒక్కో మాత్రల బుట్టెడు పండ్ల సత్తువ ఉంటదంటరు. అరవైకి అరవై ఇనుముకు తినిపిచ్చిండ్రా?" అని తల కొట్టుకుని, చాయ్ తాగడానికి రోడ్డు మీదికి పోయాడు.

ఎల్లవ్వ ఏడుపు ఆపింది. కాసేపు పందిరి వైపు చూసింది. మొహం చేటంత అయింది.

"ఏమయ్యా, మన పండ్లు యాడికీ పోలే. తీగలల్లనే ఉన్నయి."

అంతే! ముగ్గురూ తలో పటకారు పట్టుకుని తీగలు తెంపారు. పందిరి కాస్తా దభేలున కూలింది. తీగలను చుట్టలు చుట్టి, అరవై బుట్టల్లో సర్ది, పైన గడ్డి కప్పి లారీకెక్కించారు. సేటు తిరిగొచ్చి ఒక బుట్ట మీది గడ్డి తీసి చూశాడు.

ఎల్లవ్వ కొంగుతో చెమట తుడుచుకుని డ్రైవరు దగ్గరికి వెళ్ళింది. "మెల్లగ పోనియ్యి బిడ్డా, పండ్లు నలుగుతయి."