ఇంజనీరుగారికి దొరకని చిరునామా

ఒకానొక ఊళ్లో చక్కెర మిల్లు ఉండేది. ఒకరోజు గానుగను నడిపించే కంట్రోలరు మొరాయించింది. బాగుచేయడానికి పట్నం నుంచి ఇంజనీరు ప్రభంజనరావుగారు టై కట్టుకుని దిగారు. ఆ ఎండలో టై ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

ఆయన లాప్‌టాప్ కంట్రోలరును పలకరించాలంటే దాని నెట్‌వర్క్ చిరునామా కావాలి. అది ఎవరూ రాసిపెట్టలేదు. సారు తోచిన అంకెలన్నీ కొడుతూ కూర్చున్నారు. గేటు దగ్గర బళ్లలో చెరకు ఎండిపోతోంది. మూడో బండిలోది గానుగ నడిపే బైరాగి వాళ్ల అన్నయ్య చెరకే.

"అయ్యా, ఒక్కమాట..." అన్నాడు బైరాగి.

"మీటలు నొక్కేవాడివి, నీకేం తెలుసోయ్! అవతలికి నడు."

మధ్యాహ్నానికి సారు తేల్చేశారు: "చిరునామా దొరకదు. కొత్త కంట్రోలరు తెప్పించండి, నెల పడుతుంది."

మేనేజరు తల పట్టుకున్నాడు. బైరాగి ఇక ఆగలేదు.

"మేనేజరుగారూ, గానుగ నడపడానికి నేను నొక్కే ఈ తెర రోజూ ఆ కంట్రోలరుతోనే కదా మాట్లాడేది! చిరునామా తెలియకుండానే మాట్లాడుతోందాండీ?"

తెర సెట్టింగులు తెరిస్తే మొదట్లోనే చిరునామా ఉంది. సారు అది కొట్టగానే కంట్రోలరు పలికింది, గంటలో గానుగ తిరిగింది.

"పొద్దున్నే చెప్పొచ్చు కదయ్యా!" అన్నాడు మేనేజరు.

"దానితో రోజూ మాట్లాడేది ఇద్దరమేనండీ, ఆ తెరా, నేనూ. సారు ఇద్దర్నీ అడగలేదు."