ముళ్ళపంది వేసిన ఏడు మడులు

దొంతికొండ అడవిలో జింకలు, కుందేళ్ళు, అడవికోళ్ళు, ముళ్ళపందులు, కొండముచ్చులు కలిసిమెలిసి బతికేవి. ఒకసారి ఆ కొండకు మనుషులు వచ్చారు. రాళ్ళ కోసం ఒక పక్కంతా తవ్వుకుని, పని అయిపోగానే వెళ్ళిపోయారు. ఆ వాలు మీద ఒక్క మొక్కయినా మిగలలేదు.

అప్పటినుంచి వాన పడితే చాలు, ఎర్రమట్టి కొట్టుకొచ్చి కింది మడుగులో పడేది. ఆ మడుగు గట్టున బొరియలో ఒక నీటికుక్క తన మూడు పిల్లలతో ఉండేది. నీళ్ళు బురదైతే దానికి చేపలు కనబడవు. చేపలు దొరక్కపోతే పిల్లలకు పస్తే.

"ఇలాగే ఇంకో నాలుగేళ్ళు గడిస్తే మడుగు పూడిపోతుంది. పిల్లల్ని వెంటబెట్టుకుని నేనెక్కడికి పోను?" అని నీటికుక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

జంతువులన్నీ సమావేశమయ్యాయి. కొండముచ్చు వాలు అంచున ఉన్న మేడిచెట్టు చిటారుకొమ్మ మీద కూర్చుంది. అంత ఎత్తున కూర్చోకపోతే దానికి మాట రాదు మరి!

"ఈ మాత్రానికి ఏడుపెందుకు? ఏటి ఒడ్డున గడ్డి నా అంత ఎత్తు పెరుగుతుంది. గింజలు ఎంత బలంగా ఉంటాయో! అవన్నీ తెచ్చి వాలంతా చల్లేద్దాం" అంది కొండముచ్చు.

ముళ్ళపంది మెల్లగా ముందుకొచ్చింది. "తమ్ముడూ, ఏటి ఒడ్డున ఎప్పుడూ తడి ఉంటుంది. ఇక్కడ ఉన్నదంతా రాయి. ఏ గింజ నిలబడుతుందో ముందు కొంచెం చల్లి చూద్దాం. ఒక్క ఏడాది ఓపిక పట్టండి."

"గడ్డి గింజకు కూడా ఊరూ పేరూ కనుక్కోవాలా ముళ్ళక్కా? ఇదేమైనా పెళ్ళి సంబంధమా?" అంది కొండముచ్చు. అన్నీ పకపకా నవ్వాయి.

ముళ్ళపంది నొచ్చుకుంది కానీ పోట్లాడలేదు. వాలులో ఒక మూల అడిగి తీసుకుని ఏడు చిన్న మడులు వేసింది. ఒకే రకం గడ్డి గింజల్ని మూడు చోట్లనుంచి తెచ్చింది. ఏటి ఒడ్డుది ఒక మడిలో, కొండ కిందిది ఒక మడిలో, కొండ నెత్తిన బండల సందుల్లోది ఒక మడిలో చల్లింది. తంగేడు, వెంపలి, కానుగ తలా ఒక మడిలో వేసింది. ఏది ఎక్కడిదో మరిచిపోకుండా, రాలిన తన ముళ్ళనే గుర్తుగా గుచ్చింది.

"ఈ చివరి మడిలో ఏం చల్లావు?" అని నీటికుక్క అడిగింది.

"ఏమీ చల్లలేదు. ఊరికే వదిలేస్తే ఏమవుతుందో కూడా తెలియాలి కదమ్మా!"

తొలకరి పడింది. కొండముచ్చు చల్లిన గడ్డితో వాలంతా పచ్చబడింది. కొండముచ్చు తోక పైకెత్తి తిరగసాగింది. ముళ్ళపంది మడుల్లో బండల సందు గడ్డి ఆలస్యంగా మొలిచింది. అది బెత్తెడు కూడా పెరగలేదు. నేనే పొరబడ్డానేమో అని ముళ్ళపందికి బెంగ పట్టుకుంది.

ఎండలు ముదిరాయి. ఏటి ఒడ్డు గడ్డి వేళ్ళతో సహా ఎండిపోయింది. ముళ్ళపంది మడుల్లో కానుగ చచ్చిపోయింది, కొండ కింది గడ్డి మాడిపోయింది. ఖాళీ మడిలో ఒక్క మొక్కా రాలేదు. బండల సందు గడ్డి మాత్రం ఎంత లాగినా ఊడిరాలేదు. తంగేడు, వెంపలి దానికి తోడుగా నిలిచాయి.

మళ్ళీ వానాకాలం రానే వచ్చింది. పెద్ద వానకు వాలు మీది మట్టి ఒక్కసారిగా జారింది. దానితోపాటే మేడిచెట్టూ కూలిపోయింది. బండల సందు గడ్డి, తంగేడు, వెంపలి ఉన్న మడులు మాత్రం చెక్కుచెదరలేదు. కింద నీటికుక్క బొరియ బురదతో మూసుకుపోయింది. అది పిల్లల్ని నోట కరుచుకుని ఎలాగో బయటపడింది.

కొండముచ్చు తలవంచుకుని నేల మీద నడుస్తూ వచ్చింది. "తప్పు నాదే ముళ్ళక్కా" అంది.

"నీదే తమ్ముడూ. కానీ బండలు ఎక్కడంలో నీ అంతటివాడు లేడు. నాకు గుప్పెడు గింజలు తేవడానికే నాలుగు రోజులు పట్టింది. కొండ నెత్తిన బండల సందు గడ్డి పండగానే నీవాళ్ళతో వెళ్ళి ఆ సన్న గింజలు దూసుకురా."

కొండముచ్చులు మోపెడు గింజలు తెచ్చాయి. మిగతా జంతువులు తంగేడు, వెంపలి కాయలు ఏరాయి. తరువాతి తొలకరికి వాలంతా చల్లాయి.

ఆ పైయేడు రెండు రోజులు ఎడతెరపి లేకుండా వాన కురిసింది. నీటికుక్క పిల్లల్ని పొదువుకుని గట్టు మీద భయంభయంగా నిలబడింది. వాలు మీదినుంచి నీళ్ళు వచ్చాయి. మట్టి రాలేదు. మడుగులో చేపలు మెరుస్తూ తిరుగుతున్నాయి.

కాసేపటికి నీటికుక్క ఒక పెద్ద చేపను తెచ్చి ముళ్ళపంది ముందు పెట్టింది.

ముళ్ళపంది నవ్వింది. "నేను చేపలు తిననమ్మా. నువ్వూ నీ పిల్లలూ ఇక్కడే ఉంటే నాకదే చాలు."

"ఇంకెక్కడికీ పోము అక్కా" అంది నీటికుక్క.

నీతి: ఎంత మంచి గింజైనా, ఆ నేలలో కొంచెం చల్లి చూశాకే చేనంతా చల్లాలి.